ప్రాణము పోసి పారిపోయినవాడు



గత సంచికలో పుస్తకములకు చెద పట్టకుండ కాచుకొను విధమును వ్రాసితిని. ఈ మాసము భయము గొలుపు సినిమా నొకదానిని గూర్చి వ్రాయబూనుట మీకు వింతగా తోచవచ్చును. "భారత భాగవతములు విడిచి నీకిదేమి బుద్ధే?" అని మా అత్తగారే యడిగిరి. నేను విడువలేదు. తుదకు భారతమే ఈ వ్యాసమునకు దారి చూపినది.

సంగతి యిది. మా వారు పాఠము చెప్పు తరగతిలో బాలు డొకడు గలడు. రెండేండ్ల క్రిందట దీపావళినాడు చిచ్చుబుడ్డి పేలి వాని చెంపయు మెడయు కాలినవి. గాయము మానినది గాని చర్మము ముడుత పడి యట్లే నిలిచిపోయినది. 2025వ సంవత్సరము చివర ఆంగ్లమున 'ఫ్రాంకెన్‌స్టైన్' అను క్రొత్త చిత్రము వచ్చినది. దాని తునకలను ఫోనులలో చూచిన తోడిపిల్లలు వీనికి ఆ పేరు పెట్టిరి. బాలుడు మూడు దినములు బడికి రాలేదు. నాలుగవనాటి సాయంకాలము మా వారింటికి వచ్చి, చెప్పులు విడువకయే అరుగుమీద కూర్చుండి, "ఆ పేరెవనిదో నీకు తెలియునా?" అని నన్నడిగిరి.

"ఏదో భూతము పేరు గదండీ" అంటిని.

వారు తల యడ్డముగా నూపిరి. ఆ పేరు భూతముది కాదట, దానిని చేసినవానిది. చేయబడినదానికి పేరే లేదట.

ఆ రాత్రి పిల్లలు నిద్రించిన పిమ్మట మేమిరువురము 1931వ సంవత్సరపు పాత చిత్రమును పెట్టుకొని చూచితిమి. నిడివి 70 నిమిషములే. నలుపు తెలుపుల బొమ్మ. కథ నడుచునంతసేపు వెనుక వాద్యముల మ్రోతయైన లేదు. ఊరివారి పెండ్లి సంబరమున వినవచ్చు పాటయే పాట. ఈ కాలపు భయానక చిత్రములలో ప్రతి తలుపు వెనుకను నూరు డప్పులు మ్రోగును గదా! ఇందు తలుపు తెరచుకొన్నచో తలుపు చప్పుడే వినబడును. అదియే యెక్కువ భయము.

తెర వెలుగగానే రెండు వింతలు కనబడినవి. నటీనటుల పట్టికలో ఆ ప్రాణి పాత్రకెదురుగా పేరు లేదు, ప్రశ్నార్థకపు గురుతు మాత్రమే యున్నది. వేషము కట్టిన బోరిస్ కార్లాఫ్ పేరు చిత్రాంతమున గాని రాదు. రెండవది, మూలకథ 'శ్రీమతి పెర్సీ బి. షెల్లీ' గారిదని వేసిరి. మేరీ యను ఆమె సొంత పేరు ఆ చోట లేదు. లోకమంతయు చదివిన పుస్తకమును వ్రాసిన స్త్రీ భర్తపేరి చాటున నిలువవలసి వచ్చినది. నన్నును ఈ యూరిలో మేష్టరుగారి భార్య యనియే యెరుగుదురు. నేను పుస్తకము వ్రాయలేదు గనుక నాకా చింత లేదు.

చిత్రము తీసినది అమెరికాలోని యూనివర్సల్ సంస్థ. దర్శకుడు జేమ్స్ వేల్ అను ఆంగ్లేయుడు. 1931 నవంబరు నెలలో అది విడుదలయ్యెను. మూడు మాసములు తిరుగకుండగనే, 1932 ఫిబ్రవరి 6వ తేదీన, మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడెను. ఒకటి కన్నతండ్రి చంపజూచిన బిడ్డ కథ. రెండవది చేసినవాడే చంపజూచిన ప్రాణి కథ. ఒకదాని సంగతి యింకొకరికి తెలియదు. ఆ చలికాలమున రెండు దూరదేశముల తెరలపై తండ్రియే భయంకరుడై నిలిచెనని తలచినప్పుడు నాకు ఒడలు జలదరించినది.

చిత్రము శ్మశానమున మొదలగును. మా భీమునిపట్నమున సముద్రపుటొడ్డున హాలండు దేశపు వర్తకుల పాత సమాధులున్నవి. 17వ శతాబ్దిలో ఇచ్చట వారికి వర్తకపు నెలవుండెడిది. పగలు ఎవరికిని ఆ చోటు భయము లేదు, చీకటి పడినచో ఆవైపు కన్నెత్తి చూడరు. తెరపై పాతిపెట్టుట ముగియగానే హెన్రీ ఫ్రాంకెన్‌స్టైన్ అను యువశాస్త్రజ్ఞుడు తన గూని సేవకునితో వచ్చి గోతిని త్రవ్వు దృశ్యమును చూచినప్పుడు నాకా తీరమే కన్నుల గట్టినది. అతడు కొన్ని కళేబరముల నేరి, అవయవముల నతికి కుట్టి, పిడుగుల రాత్రి ఆ శరీరమును మేడకప్పుపైకి ఎత్తించి, మెరుపుల శక్తిని దానిలోనికి పంపును. క్రిందికి దింపగా ఒక చేయి కదలును. 'బ్రదికినది, బ్రదికినది' యని అతడు వెఱ్ఱిగా కేకలు వేయును. పురిటిగది తలుపు బయట నిలిచి పసిబిడ్డ తొలియేడుపు విన్న తండ్రి సంతోషము వంటిదే ఆ సంతోషము. అయితే బిడ్డను ఒడిలోనికి తీసికొనువారు ఆ గదిలో లేరు.

తరువాతి దృశ్యమును నేను రెండుమారులు వెనుకకు త్రిప్పించి చూచితిని. చీకటిగదిలో ఉంచబడిన ఆ ప్రాణి వెనుకంజ వేయుచు లోనికి వచ్చి, మెల్లగా ఇటు తిరుగును. చదునైన తల, మెడకిరుప్రక్కల ఇనుపమేకులు, సగము మూసిన కనురెప్పలు. ఫ్రాంకెన్‌స్టైన్ పైకప్పు తలుపును లాగగా దానిపై వెలుతురు పడును. అది తల యెత్తి, లేచి నిలిచి, రెండు చేతులు చాచి వెలుతురును పట్టుకొన జూచును. మూడవనెల బిడ్డ దీపమును చూచి చేయునదియు నిదియే గదా! అంతలో తలుపు మూసివేయుదురు. చేతులు ఇంకను చాచియే యుండును. ఏదీ ఆ వెలుగు, ఇమ్మన్నట్లు వ్రేళ్లు కదలుచుండును. ఇంతలో గూనివాడు మండుచున్న దివిటీతో లోనికి వచ్చును, నిప్పును చూచి అది బెదరును. తరువాత వాడే కొరడాతోను దివిటీతోను దానిని వేధించును. ఆ ప్రాణి లోకమున నేర్చిన మొదటి పాఠము వెలుతురు; రెండవ పాఠము నిప్పు. దానికి మూడవ పాఠము చెప్పినవారు లేరు.

కార్లాఫ్ అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. 1887లో లండనులో పుట్టినవాడు. అతని పూర్వులలో భారతీయులును గలరు. అప్పటికి నలువది దాటినవాడై చిన్నచిన్న వేషములతో కాలము గడుపుచుండెను. జాక్ పియర్స్ అను వేషకారుడు దినమునకు నాలుగేసి గంటలు శ్రమించి ఆ ముఖమును తీర్చెను. అంత బరువు ముఖమునకు పూసియు కన్నులను మాత్రము విడిచిపెట్టిరి. ఆ కన్నులలో నున్నది క్రూరత్వము కాదు, తెలియమి. చిత్రమును చూచిన పిల్లలు భూతముమీద జాలిపడి తనకు ఉత్తరములు వ్రాసిరని అతడు తరువాతి కాలమున చెప్పుచుండెడివాడు. పిల్లలకు తెలిసిన సంగతి పెద్దలకు ఆలస్యముగా తెలియును.

ఇక చెరువుగట్టు దృశ్యము. తండ్రి పనిమీద పోగా మేరియా యను చిన్నపిల్ల ఒంటిగా ఆడుకొనుచుండును. పొదలు చీల్చుకొని ఆ వికృతరూపము వచ్చును. పిల్ల బెదరదు. దాని చేయి పట్టుకొని, గట్టున కూర్చుండబెట్టి, తన చేతి పువ్వులలో సగము దానికిచ్చును. ఇద్దరును ఒక్కొక్క పువ్వును నీటిపై వేయుదురు. పువ్వులు పడవలవలె తేలును. ఆ ప్రాణి మొదటిసారి నవ్వును. పువ్వులు ముగిసినవి. అందమైనది నీటిపై తేలునని అది నేర్చినది గదా. పిల్లను ఎత్తి నీటిలో వేయును. పిల్ల తేలదు. అది గుండె పగిలినట్లు తడబడుచు అడవిలోనికి పరుగెత్తును.

ఆ కాలమున పలుచోట్ల సినిమా పరీక్షకులు ఆ ఎత్తివేయు భాగమును కోయించిరి. దాని ఫలము విపరీతమయ్యెను. చేతులు పిల్లవైపు చాచగానే దృశ్యము తెగి, కొంతసేపటికి తండ్రి బిడ్డ శవమును రెండు చేతులపై మోసికొని, పెండ్లి సంబరములో నాడుచున్న జనము నడుమ నడచుట కనబడును. మధ్య జరిగినదేమో చూడని ప్రేక్షకులు జరిగినదానికన్న ఘోరమైనదాని నూహించుకొనిరి. పోయిన ఆ తునుకను 1980ల దశాబ్దమున మరల చేర్చిరి. కత్తెర పట్టినవారు జాలిని కోసివేసి, దోషమును మాత్రము మిగిల్చిరన్నమాట. ఇంటిలో మనమును పిల్లల తగవు తీర్చునప్పుడు ఎన్నిమారులు ఈ పని చేయుదుమో!

ఈ కథను మొదట కల్పించిన మేరీ 1797లో జన్మించినది. స్త్రీల హక్కులను గూర్చి గ్రంథము వ్రాసిన మేరీ వోల్స్టన్‌క్రాఫ్ట్ ఆమె తల్లి. పురుటి జ్వరముతో ఆ తల్లి పదునొకండు దినములలోపలనే మరణించినది. 1815లో ఈ మేరీకి నెలలు నిండని ఆడుబిడ్డ పుట్టి, రెండు వారములైన బ్రదుకకయే పోయినది. అప్పటికి ఆమెకు 17 ఏండ్లు. కొన్ని దినములకు ఆమె ఒక కల కని, తన దినచర్యలో వ్రాసికొన్నది. బిడ్డ చనిపోలేదట, చలికి బిగుసుకొని యున్నదట, నిప్పు దగ్గర కూర్చుండి ఒడలు రుద్దగా మరల ప్రాణము వచ్చినదట. మేల్కొనగా బిడ్డ లేదు.

మన వీథులలోని యే యింటి మూలనో ఈ కల కన్న తల్లి యుండకపోదు. దానికి వివరము నేను వ్రాయనక్కరలేదు.

మరుసటియేట, 1816లో, మేరీ తన ప్రియుడును కవియునైన షెల్లీతో జెనీవా సరస్సు ఒడ్డున నుండెను. అంతకు ముందటి సంవత్సరము తూర్పు దీవులలోని తంబోరా అగ్నిపర్వతము బ్రద్దలై ఆకాశమున ధూళి క్రమ్మినందున యూరపు ఖండమున ఆ యేడు వేసవియే రాలేదు. విడువని వానలో ఇంట చిక్కిన మిత్రులు ప్రొద్దుపుచ్చుటకై దయ్యపు కథలు కల్పింప బూనిరి. చనిపోయిన కప్ప కాలు విద్యుత్తు తగిలి కదలుటను ఇటలీ పండితుడు గాల్వాని అంతకు ముందే చూపియుండెను. 1803లో అతని బంధువు ఆల్దీని లండనులో ఉరితీయబడినవాని శవముమీద ఆ ప్రయోగమునే చేసి జనమును హడలగొట్టెను. ఈ మాటలన్నియు ఆ కాలపు గాలిలో నున్నవి. 18 ఏండ్ల యువతి మనస్సులో శాస్త్రజ్ఞుల విద్యుత్తును, నిప్పుప్రక్క తాను రుద్దిన బిడ్డయు ఒకటైనవి. పుస్తకము 1818లో కర్త్రి పేరు లేకయే వెలువడినది. దానిని పురుషుడు వ్రాసెనని పలువురు తలచిరి. నాకు మాత్రము ఆ కథలో పురిటిగది వాసన వచ్చినది.

పుస్తకమునందలి ప్రాణి చిత్రమునందువలె మూగది కాదు. అడవిలో ఒక కుటుంబమువారి యింటి ప్రక్క దాగి, గోడ సందునుండి వారి మాటలు విని భాష నేర్చును. దొరికిన పుస్తకములు చదివి మహావక్తవలె వాదించును. మా తాతగారు మా అన్నలకు పాఠము చెప్పుచుండగా ప్రక్కగదిలో బియ్యమేరుచు విని నేర్చినదానను గనుక ఆ గోడసందు నాకు బంధువే. అయినను మాట తీసివేసి చిత్రకారులు మంచిపనియే చేసిరని నా యభిప్రాయము. మాట యున్నచో మనము వాదము వినుచు కూర్చుందుము. మాట లేకపోవుటచేత అది శిశువైనది.

ఇచ్చటనే నాకు భారతము గుర్తు వచ్చినది. సభాపర్వమున జరాసంధుని జన్మకథ మీరెరుగుదురు. మగధరాజు బృహద్రథునకు మునియిచ్చిన మామిడిపండును అతని భార్యలిద్దరు సగము సగము తిని, సగము సగము బిడ్డలను కనిరి. ఒంటికన్ను, ఒంటిచెవి, ఒంటికాలు. తల్లులు భయపడిరి, దాదులు ఆ ముక్కలను తీసికొనిపోయి నాలుగుదారుల కూడలిలో పారవేసిరి. జర యను రాక్షసి వానిని తినుటకై యెత్తి, మోయ వీలుగా నుండునని దగ్గరకు చేర్చెను. ముక్కలు రెండును అతుకుకొని నిండుబిడ్డయై ఉరిమినట్లు ఏడ్చెను. అప్పుడు జర ఏమి చేసెను? తినలేదు, పారిపోలేదు. స్త్రీరూపము దాల్చి బిడ్డ నెత్తుకొనిపోయి రాజునకిచ్చి, నీ బిడ్డను నీవు కాపాడుకొమ్మనెను. ఆ బిడ్డకు ఆమె పేరే పెట్టిరి.

పిదప జరాసంధుడు దుష్టుడై భీముని చేతిలో చచ్చెను. భీముని పేరనే వెలసినదని చెప్పుకొను ఈ యూర కూర్చుండి నేను దానిని మరువజాలను. అయినను నా ప్రశ్న వేరు. అతికినవారిలో చదువుకొన్నవా డొకడు, నరమాంసము తిను రాక్షసి యొకతె. బిడ్డ ఏడుపు విని ఎత్తుకొన్న దెవరు? మన వినాయకుడును అంతే గదా. నలుగుపిండి బొమ్మకు ప్రాణము పోసి, తల తెగినప్పుడు ఏనుగు తల నతికించి, ఏటేట మనము పూజించు ఆ రూపమును క్రొత్తగా చూచిన పరదేశీయుడు వికారమనవచ్చును. మనకది ముద్దు. ఎందుచేత? దాని వెనుక తల్లి నిలిచి, నా బిడ్డ యని పోరాడినది గనుక. ఫ్రాంకెన్‌స్టైన్ చేసిన బిడ్డ వెనుక నిలిచినవారు లేరు. చేసినవాడు పెండ్లి చూచుకొనుటకు ఇంటికి పోయెను. ఎన్ని తరములు మారినను ఈ చిత్రము పాతబడకుండుటకు నాకు కనబడిన కారణమిదియే. కుట్లు, మేకులు, మెరుపులు నేటి పిల్లలకు నవ్వు పుట్టింపవచ్చును. ఆ చాచిన చేతులను చూచి నవ్వినవారిని నేను చూడలేదు.

చిత్రమున నాకు నచ్చనిది లేకపోలేదు. గూనివాడు మంచివాని మెదడున్న జాడీని జారవిడిచి, దుర్మార్గుని మెదడును తెచ్చునట్టి యొక పిట్టకథ పెట్టిరి. ఇది మూలపుస్తకమున లేదు. నేరము పెంపకముది కాదు, తలలోని సరకుది యని చెప్పి, చేసినవానికి తప్పించుకొను దారి చూపుట గాదా? "వాడి బుర్రే అంతండీ" అని పిల్లలను గూర్చి మాటాడు పెద్దలు మా వారి బడికి నెలకొకరైన వచ్చుచుందురు. అదృష్టవశమున చిత్రము ముందుకు సాగుకొలది ఆ జాడీ మాట మనకు గుర్తే యుండదు. కార్లాఫ్ కన్నులు దానిని తుడిచివేసినవి.

1935లో అదే దర్శకుడు రెండవభాగము తీసెను. ఇందు గ్రుడ్డివాడైన యొక వృద్ధుడు ఆ ప్రాణిని ఇంటికి రానిచ్చి, రొట్టెపెట్టి, నాలుగు మాటలు నేర్పును. రూపము కనబడని వాడొక్కడే దానిని మనిషిగా చూచెను. ఈ భాగము మొదటిదానికన్న మేలని కొందరందురు, నేను వాదింపను. అటుపిమ్మట వచ్చిన అనుకరణలు లెక్కకు మిక్కిలి. 1991లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమువారు భద్రపరుపదగిన చిత్రముల జాబితాలో మొదటిచిత్రమును చేర్చిరి. 2025లో గియెర్మో దెల్ తోరో తీసిన క్రొత్తచిత్రమును మేమును పిదప చూచితిమి. అందు తండ్రీకొడుకుల బంధమును విప్పి చెప్పిరి. పాతదానిలో చెప్పకయే తెలిసినది.

మన తెలుగున ఇట్టి శాస్త్రకల్పనలు తక్కువ. సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369' 1991లో వచ్చి, 2025లో మరల థియేటర్లకు వచ్చినప్పుడును జనమాదరించిరి. అందు కాలయంత్రము 2504వ సంవత్సరమునకు కొనిపోయి, అణుయుద్ధము పాడుచేసిన భూమిని చూపును. నాకు ఆ చిత్రమున రాయలవారి కొలువు ముచ్చట, ఈ భాగము దిగులు. ఫ్రాంకెన్‌స్టైనుకు దగ్గరి చుట్టమన్నచో 2010 నాటి 'రోబో' యనవలెను. అరవమున తీసి తెలుగున వినిపించిన దానిలో, శాస్త్రజ్ఞుడు తాను చేసిన యంత్రమనిషికి మనస్సునిచ్చి, అది ప్రేమించెనని కోపగించి, ముక్కలు చేసి చెత్తలో పడవేయించును. మా ఇంటి పిల్లలు అచ్చటనే కంట తడిపెట్టిరి. తరువాత అది చేసిన ఘోరములను వారు మరచిరి గాని ఆ చెత్తకుప్పను మరువలేదు.

బాలుని సంగతి చెప్పి ముగింతును. మా వారు తరగతిలో పాఠము మధ్య ఆపి, ఆ పేరు భూతముది కాదనియు, చేసి విడిచి పారిపోయినవానిదనియు చెప్పిరి. ఎవరి పేరు నెవరికి పెట్టినారో మీరే ఆలోచించుకొనుడనిరి. ఫలమెంతయో చెప్పలేను. పేరు వెంటనే ఆగలేదు. రెండు మూడు వారములకు మరియొక వేడుక దొరికి, దానంతటదే సన్నగిల్లినది.

బాలుడు ఆదివారములు లెక్కలకై మా యింటికి వచ్చును. ఒకనాడు లెక్కలు ముగిసిన పిమ్మట పుస్తకములు సర్దుకొనక నిలిచి, "ఆ సినిమా మీ దగ్గర ఉందటండీ?" అని యడిగెను. మా వారు నా ముఖము చూచిరి. నాకును వెరపు కలిగినది. చూపినచో బాధయో, చూపకున్న బాధయో తెలియలేదు. తుదకు చెరువుగట్టు భాగమును మాత్రము పెట్టితిని. వాడు చాప మీద మోకాళ్లు ముడుచుకొని, కాలిన చెంపకు చేయి ఆనించి చూచెను. పిల్ల దాని చేతికి పువ్వులిచ్చినది. అది నవ్వినది.

"ఆ పాప భయపడలేదు కదండీ, అమ్మగారూ?" అనెను.

"లేదు నాయనా" అంటిని.

"మళ్లీ పెట్టండి."

మరల పెట్టితిని. పువ్వులు నీటిపై తేలువరకు నడువనిచ్చి, అచ్చట ఆపితిని.